వాసన రావట్లేదు

మా కోల్డ్ స్టోరేజీలో షిఫ్టు మారేటప్పుడు దిగేవాడు ఎక్కేవాడికి చెప్పాల్సిన మాట ఒకటుంది. "వాసన రావట్లేదు." ఆ మాట చెప్పకుండా ఎవడూ కంప్రెసర్ గది గడప దాటకూడదు. నేను చేరేనాటికే ఉన్న పద్ధతి. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు.

వాసనంటే అమ్మోనియాది. సరుకు గదుల్ని చల్లగా ఉంచేది ఆ గ్యాసే. పైపుల్లో ఉన్నంతవరకు అది మన చెప్పుచేతల్లో ఉంటుంది. బయటపడితే మనం దాని చేతుల్లో ఉంటాం. కొద్దిగా కారినప్పుడు ముక్కుకే తెలుస్తుంది. కళ్ళు మండేదాకా వచ్చిందంటే ఆలస్యమైపోయినట్టే. గోడకు గ్యాసును పసిగట్టే పెట్టె ఒకటుండేది. తలుపు తీస్తే కూసేది, వేస్తే కూసేది. పాత ఇన్‌చార్జి విసుగెత్తి ఎలక్ట్రీషియన్‌తో దాని వైరు పీకించాడు. అప్పట్నుంచి మా ముక్కులే ఆ పెట్టె.

ఆ పాత ఇన్‌చార్జిని ఉరుము అనేవాళ్ళం. ఆయన అడుగుల చప్పుడు వినపడితే పని లేనివాడు కూడా స్పానరు చేతిలోకి తీసుకునేవాడు. జరిగిన తప్పు ఆయనకు చెప్పడమంటే కోరి నెత్తిమీదికి తెచ్చుకోవడమే. అందుకని ఎవరమూ చెప్పేవాళ్ళం కాదు. చాలా తప్పులు వాటంతటవే సర్దుకునేవి. కొన్ని సర్దుకునేవి కావు. అప్పుడు ఎవడో ఒకడు బలయ్యేవాడు. మిగతావాళ్ళం ఆ పూట మనం కాదు కదా అని నిమ్మళంగా అన్నం తినేవాళ్ళం.

ఉరుము బదిలీ అయి ఆయన కుర్చీలోకి ఒకామె వచ్చింది. చదువుకున్నది, చిన్నది. నాకు కూతురుంటే ఆ వయసుండేది. వచ్చిన మొదటి రోజే మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు దిగేవాళ్ళనీ ఎక్కేవాళ్ళనీ లోడింగు షెడ్డులో నిలబెట్టింది. నిన్న ఏం తప్పు జరిగిందో చెప్పమంది. "చెప్పండి, నేనేమీ అనను" అంది.

ఎవరూ నోరు మెదపలేదు. సాయంత్రానికి ఆమెకు పేరు పడిపోయింది. ఏమనను మేడం.

ఆ పేరు పెట్టినవాడు లోడింగు మేస్త్రి. వాణ్ణి రేడియో అంటారు. వాడు దాని అర్థం కూడా విప్పి చెప్పాడు. ఉరుము అయితే తిట్టి ఊరుకునేవాడట, ఈమె ఏమీ అనకుండానే ఇంటికి పంపిస్తుందట. నేను నవ్వలేదు. నాకూ అదే అనిపించింది. అరిచేవాడి మనసులో ఏముందో వాడి నోట్లోనే ఉంటుంది. అరవనివాళ్ళది ఎక్కడ వెతకాలి?

మర్నాడు మళ్ళీ నిలబెట్టింది. ఈసారి తన తప్పు తానే చెప్పింది. చూడ్డానికని మూడో గదిలోకి వెళ్ళి, వచ్చేటప్పుడు తలుపు గడియ సరిగా వెయ్యలేదట. రాత్రంతా లోపలి చలి తగ్గిపోయిందట. కొన్ని పెట్టెల పళ్ళు మెత్తబడ్డాయట. హెడ్డాఫీసుకు తన పేరుతోనే రాశానంది.

నేను నమ్మలేదు. ఆ గదిలో పనిచేసేవాణ్ణి విడిగా పట్టుకుని అడిగాను. నిజమేనన్నాడు. మెత్తబడిన పళ్ళు వాడే బయట పారబోశాడట. సరే, నిజమే చెప్పింది. చిన్న నిజం ఎరవేసి పెద్ద నిజాలు లాగేవాళ్ళు లోకంలో లేకపోలేదు.

గోడమీది పెట్టె గురించీ అడిగింది. ఎలక్ట్రీషియన్ పైకప్పు వైపు చూశాడు. ఎవరు పీకారని అడగలేదు. కొత్తది కావాలని పైవాళ్ళకు రాసింది. రాలేదు. రాలేదనే సంగతి కూడా మాకే వచ్చి చెప్పింది. "అడిగాను, ఇవ్వలేదు. మళ్ళీ అడుగుతాను." పై అధికారి కాదన్న మాట కింది వాళ్ళతో చెప్పుకునే ఇన్‌చార్జిని నేనెప్పుడూ చూడలేదు. బలహీనురాలో, టక్కరిదో తేల్చుకోలేకపోయాను. రెండూ మాకు మంచివి కావు.

కొన్నాళ్ళకు ఫోర్క్‌లిఫ్టు నడిపేవాడు మెత్తబడ్డాడు. అందరిముందూ చెయ్యెత్తి, వెనక్కి తీసేటప్పుడు పైపుకింది ఇనప దిమ్మెను గుద్దానని ఒప్పుకున్నాడు. ఆమె వాడికి థాంక్స్ చెప్పింది. అప్పటికప్పుడు వెళ్ళి చూసి వెల్డింగు చేయించింది. చూశారా, ఏమీ అనలేదు అని కొందరన్నారు. వారం తిరక్కుండానే వాణ్ణి ఫోర్క్‌లిఫ్టు దింపి వేబ్రిడ్జి గదిలో కూర్చోబెట్టారు. కాటా చూడ్డం, చీటీ రాయడం, అంతే పని. చెయ్యి తిరిగిన డ్రైవరు. మేమందరం పలకరింపుకు వెళ్ళి టీ ఇప్పించి వచ్చాం. ఏమైందిరా అంటే వాడు తల అడ్డంగా ఊపి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు చాలు. ఆ తరవాత షెడ్డులో చెయ్యెత్తినవాడు లేడు.

ఇదీ అప్పటికి మా సంగతి. ఇక నా బామ్మర్ది సంగతి.

కంప్రెసర్ గదిలో మొదటి షిఫ్టు వాడిది, రెండోది నాది. మా ఆవిడకు సొంత తమ్ముడు. ఆమె పోరు పడలేక నేనే వాణ్ణి ఇందులో చేర్పించాను. ఆమె పోయి రెండేళ్ళయింది. నొప్పి ఎలా ఉందంటే లేదు అనేది. లేదు లేదు అంటూనే పోయింది. అప్పట్నుంచి ఎవరైనా లేదు అంటే నాకు అనుమానం. ఇంట్లో నేనొక్కణ్ణే. నాతో అబద్ధాలాడేవాళ్ళు తగ్గారు, మాట్లాడేవాళ్ళే తగ్గారు కాబట్టి. బామ్మర్ది భార్య నాకు వరసకు చెల్లెలు. ఆమె రోజూ నాకొక క్యారేజీ పంపేది. తిని, కడిగి తిరిగిచ్చేవాణ్ణి. బాగుందని ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె కూడా ఇక్కడే పని. కంప్రెసర్ గదికి గోడ అవతల పళ్ళు ఏరే హాలు. అక్కడంతా ఆడవాళ్ళే. మొదటి షిఫ్టులో వాడు గోడకు ఇవతల, ఆమె అవతల.

రేడియో ఒకరోజు టీ కొట్టు దగ్గర నా బామ్మర్ది మీద కొత్త జోకు వేశాడు. ఇంత వయసొచ్చినా గంట గంటకూ పెళ్ళాం మొహం చూడకపోతే వాడికి ఊపిరాడదట. కంప్రెసర్ గదిలోంచి హాలులోకి దూరడం, ఆమె చెవిలో ఏదో అనడం, ఆమె తలూపడం, వాడు తిరిగి రావడం. హాలులో ఆడవాళ్ళు వాడు కనపడితే ముసిముసిగా నవ్వుకుంటున్నారట. "మీ బామ్మర్దికి ఈ మధ్య మళ్ళీ పెళ్ళయిందా ఏంటన్నా?" అన్నాడు.

అది నాకు జోకులా వినపడలేదు. వాడు నాకు తెలుసు. పెళ్ళైన కొత్తలోనే పెళ్ళాన్ని బస్టాండులో మరిచిపోయి ఇంటికొచ్చిన మనిషి. వాడికి ఇప్పుడు పుట్టుకొచ్చిన ప్రేమ ఏమిటి? ఏదో దాస్తున్నాడు. ఆమెకు తెలిసే దాస్తున్నాడు.

ఆ వారంలోనే కంప్రెసర్ గదిలో ప్యానెలు వెనకాల ఎలుక చచ్చింది. నేను షిఫ్టుకు ఎక్కుతూ గడపలోనే ముక్కు మూసుకున్నాను. బామ్మర్ది ఆ ప్యానెలు పక్కనే స్టూలు వేసుకుని అన్నం తింటున్నాడు. కడుపు నిండా, చేతివేళ్ళు నాకుతూ. నన్ను చూసి లేచి చెయ్యి కడుక్కున్నాడు. "వాసన రావట్లేదు బావా" అని వెళ్ళబోయాడు.

నేను వాడి మొహంలోకి చూశాను. వాడు నా ముక్కు మీద ఉన్న రుమాలు చూశాడు. ఒక్క క్షణం ఆగి, వాడూ జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నాడు. "అబ్బా, ఏంటిది" అన్నాడు. నేను పెట్టుకున్నాకే పెట్టుకున్నాడు.

మర్నాడు నేనే వండుకుని కూర అడుగంటించాను. కావాలనే. నాలుగిళ్ళ అవతలికి కొట్టే మాడు వాసన. గిన్నెలో పెట్టి తెచ్చి వాడికి కాస్త వేశాను. తిన్నాడు. ఎలా ఉందిరా అన్నాను. ఉప్పు సరిపోయిందన్నాడు. కారం ఇంకొంచెం పడాలన్నాడు. మాడిందని అనలేదు. అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని నెలలుగా వాడు ఏ తిండి గురించి మాట్లాడినా ఉప్పు, కారం తప్ప మరో మాట లేదు. వానల్లో వాడికి పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. లెక్క అక్కడికి కుదిరింది.

వాణ్ణి కంప్రెసర్ పక్కకు లాగి అడిగాను. ఆ గదిలో మోతకు గట్టిగా అరిస్తే గాని వినపడదు. ఆ రోజు నోరు వాడి చెవిలో పెట్టి అడిగాను. జ్వరంతో పాటే పోయిందన్నాడు. పూలూ తెలియవు, పెంటా తెలియదన్నాడు. ఇద్దరు డాక్టర్లకు చూపించాడట. వస్తే రావచ్చు, రాకపోనూవచ్చు అన్నారట.

"మరి రోజూ నాతో అబద్ధమెందుకు చెప్పావురా?"

"అబద్ధమెప్పుడు చెప్పాను బావా? వాసన రావట్లేదు అనే కదా రోజూ చెప్తున్నాను. నాకు రావట్లేదు."

నాకు చెంప పగలగొట్టాలనిపించింది. మాట వాడిదే నిజం. ఆ మాటలో ఇంత చోటుందని నాకెప్పుడూ తట్టలేదు.

నీ పెళ్ళాం గోడకు అవతలే ఉందిరా అన్నాను. అందుకేగా గంట గంటకూ వెళ్ళి ఏమైనా వాసనొస్తోందా అని అడిగి వస్తున్నానన్నాడు. ఆమె ముక్కుతో నా బామ్మర్ది కంప్రెసర్లు నడుపుతున్నాడు. గంటకూ గంటకూ మధ్య ఆ గదికి ముక్కే లేదు.

వెళ్ళి మేడంతో చెప్పెయ్యమందామనుకున్నాను. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చెప్తే ఏమవుతుంది? ముక్కు లేని ఆపరేటరును ఎవరు ఉంచుకుంటారు? వాడికి చేతనైన పని ఇదొక్కటే. ఇద్దరు పిల్లల చదువులు, బ్యాంకు అప్పులో ఉన్న ఇల్లు. పోనీ ఏమీ అననన్న మేడం మాట నమ్మి చెప్తే? ఫోర్క్‌లిఫ్టు వాడి నిట్టూర్పు గుర్తొచ్చింది. చెప్పకపోతే? హాలులో అంతమంది ఆడవాళ్ళు.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "బావా, నువ్వూ నేనూ తప్ప మూడోవాడికి తెలియకూడదు. అక్క మీద ఒట్టు." అక్కను మధ్యలోకి లాగినందుకు చెయ్యి విదిలించుకున్నాను. చెప్తానని గాని చెప్పనని గాని అనలేదు. ఆ రోజు నుంచి నా షిఫ్టుకు బాగా ముందే వచ్చి వాడి గదిలో తచ్చాడేవాణ్ణి. వాసన చూసి బయటికొచ్చేవాణ్ణి, మళ్ళీ వెళ్ళేవాణ్ణి. రేడియో దానికీ జోకు వేశాడు. బామ్మర్దికి పెళ్ళాం మీద, బావకు బామ్మర్ది మీద మోజట.

మేడం కూడా నన్ను చూస్తోందని తెలుస్తూనే ఉంది. ఆమె గదికి అద్దాల గోడ. అందులోంచి తల ఎత్తి చూసేది, మళ్ళీ దించుకునేది. పిలిచి అడగలేదు. అడగకపోవడం నాకు మరీ చేదుగా ఉంది. ఏదో పోగుచేస్తోంది అనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం సరిగ్గా షిఫ్టు మారేవేళకు ఆమె కంప్రెసర్ గదిలోకి వచ్చింది. చేతిలో రుమాలు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మమ్మల్ని చూడనట్టే గేజీల ముందు నిలబడింది. నేను ఎక్కాలి, వాడు దిగాలి. ఆమె ఉండగానే చెప్పక తప్పదు. మోత మీద వినపడేలా వాడు అరిచాడు.

"వాసన రావట్లేదు!"

ఆమె ఇటు తిరిగి మా దగ్గరికి వచ్చింది. ఊరికే, తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగింది.

"మీకు రావట్లేదా? ఇక్కడ లేదా?"

ఇన్నేళ్ళలో ఎవడూ అడగని ప్రశ్న. వచ్చిన ప్రతివాడూ విని తలూపి పోయినవాడే. నా బామ్మర్ది నా వైపు చూడకూడదు. చూశాడు.

నేను అందుకున్నాను. "నాకూ రావట్లేదండి" అన్నాను. అందులో అబద్ధం లేదు. గదిలో గ్యాసు లేదు, కాబట్టి నాకు రావట్లేదు. వాడి విద్య వాడికే అప్పజెప్పాను.

ఆమె నన్నూ వాణ్ణీ చూసింది. రుమాలుతో ముక్కు తుడుచుకుంది.

"నాకూ రావట్లేదు. రెండ్రోజులుగా జలుబు. ఇక్కడ పైపు పగిలినా నాకు తెలియదు. గోడ అవతల అంతమంది పనిచేస్తున్నారు. పెట్టె తెప్పించలేకపోయాను. ఇప్పుడు మీ మాట తప్ప నాకు ఆధారం లేదు. అందుకని అడిగాను, అంతే."

చెప్పి గడప వైపు నడిచింది. మళ్ళీ అడగలేదు. ఇంకొక్కసారి గట్టిగా అడిగి ఉంటే వాడు లేదండీ అని అరిచి గండం దాటేవాడు. నాకు వాణ్ణి తెలుసు. అడగకుండా వెళ్తోంది. నేను వాడి భుజం మీద చెయ్యి వేసి నొక్కాను. ఊరుకో అని.

వాడు నా చెయ్యి తీసేశాడు.

"మేడం" అన్నాడు. మోతలో ఆమెకు వినపడలేదు. ఆ గదిలో గుసగుసగా ఒప్పుకునే వీలు లేదు. గొంతు చించుకోవాలి. చించుకున్నాడు. "మేడం, నాకే రావట్లేదు! జ్వరమొచ్చినప్పట్నుంచి నాకు ఏ వాసనా రాదు!"

బయట షెడ్డులో పెట్టెలు మోస్తున్నవాళ్ళు ఆగిపోయారు. హాలు తలుపులోంచి ఒకామె తొంగిచూసింది. ఇక దాచడానికేమీ మిగల్లేదు.

ఆమె గడపలోనే నిలబడిపోయింది. మొహంలో రంగు మారింది. రుమాలు పట్టుకున్న పిడికిలి బిగిసింది. నేనామె మొహం నుంచి చూపు తిప్పలేదు. ఇప్పుడు బయటపడుతుంది అసలు మనిషి అనుకున్నాను.

వెనక్కి మా దగ్గరికి వచ్చి, "ఎన్నాళ్ళుగా?" అంది.

"వానాకాలం నుంచి."

ఆమె గట్టిగా ఊపిరి తీసుకుంది. "ఏమీ అనను అన్నాను కాబట్టి అనడం లేదు. అనాలని చాలా ఉంది." రుమాలు మడిచి, "చెప్పారు. మంచి పని చేశారు. ఈ క్షణం నుంచి మీరు ఈ గదిలో డ్యూటీ చెయ్యకూడదు. మిగతాది రేపు మాట్లాడదాం" అంది.

చూశావా అన్నట్టు నేను వాడి వైపు చూశాను. వాడు మొహం గోడకు తిప్పుకున్నాడు.

తరవాత నా వైపు తిరిగింది. మీకు వస్తుందా అని అడిగింది. వస్తుందన్నాను. మరి ఇందాక రావట్లేదన్నారే అంది. లేదు కాబట్టి రావట్లేదన్నానన్నాను. ఆమెకు అంతా అర్థమైంది. నాకు ముందే తెలుసన్న సంగతి కూడా. ఇక అడుగుతుందనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి ఆ మాట మార్చింది. ఇకమీదట వాసన రావట్లేదు అనకూడదట. "వాసన చూశాను, లేదు" అనాలట. రేడియో దాన్ని పాటలా పాడుకుంటూ తిరిగాడు. మొదటి షిఫ్టును నేనూ మూడో షిఫ్టు అతనూ చెరిసగం పంచుకున్నాం. ఆమె ముక్కు కారుతూనే మాతోపాటు స్టూలు మీద కూర్చుంది. ఏం పనికొస్తుంది అంటే, వాసన చూడలేకపోయినా మీరు నిద్రపోకుండా చూడగలను అంది. నేను నిద్రపోయే మనిషిని కానన్నాను. తెలుసు, అందుకే కూర్చోవడం తేలిక అంది.

మూడోనాడు యజమాని వచ్చాడు. సంగతి ఎవరు చేరవేశారో తెలియదు. కారు దిగి తిన్నగా ఆమె గదిలోకి వెళ్ళాడు. మేమందరం చేతిలో పని పట్టుకుని అద్దాల వైపు చూస్తున్నాం. మాటలు వినపడవు, మనుషులు కనపడతారు. బామ్మర్ది ఆమె గది తలుపు పక్కన ముద్దాయిలా నిలబడ్డాడు. వాడి భార్య హాలు గుమ్మంలో. యజమాని వేలు వాడి వైపు లేచింది, గేటు వైపు తిరిగింది. అర్థం చెప్పనక్కర్లేదు. అయిపోయింది అనుకున్నాను. ఆమె తల వంచుకుని ఉంది. ఇంతే కదా అనుకున్నాను. కిందివాడిచేత నిజం చెప్పించి, పైవాడి ముందు తల వంచడం.

ఆమె లేచి అద్దం దగ్గరికి వచ్చింది. కంప్రెసర్ గది వైపు, పెట్టె ఊడదీసిన గోడ వైపు చెయ్యి చూపింది. ఆ చేత్తోనే తన గుండె మీద తట్టుకుంది. యజమాని చాలాసేపు మాట్లాడాడు. ఆమె కొద్దిగా మాట్లాడింది. కుర్చీలో మాత్రం కూర్చోలేదు.

ఆయన వచ్చినట్టే కారెక్కి వెళ్ళిపోయాడు. లోపల ఏమన్నారో రేడియో రకరకాలుగా చెప్పాడు. వాణ్ణి తీసేస్తే ఇకమీదట ఇక్కడ ఎవడూ నిజం చెప్పడు, అప్పుడు మీరే వచ్చి వాసన చూసుకోండి అందట. ఇన్ని నెలలు అడగాల్సిన ప్రశ్న అడగనిది నేను, ముందు నన్ను తీసెయ్యండి అందట. నేను వాటిలో ఏదీ నమ్మలేదు. అద్దం అవతలి మాట రేడియోకు ఎలా వినపడుతుంది?

కంటితో చూసింది మాత్రం చెప్తాను. నా బామ్మర్దికి బయట కూలింగ్ టవరు పంపుల దగ్గర పని ఇచ్చారు. ఆరుబయట, నీళ్ళ పని, ముక్కుతో పని లేదు. షిఫ్టు అలవెన్సు పోయింది. వారం తిరిగేసరికి గోడకు కొత్త పెట్టె వచ్చింది. తలుపు తీసినా కూయదు. ఆమె వారం వారం హెడ్డాఫీసుకు వెళ్ళి సంజాయిషీ చెప్పి వస్తోంది. వచ్చిన రోజున మొహం వాడిపోయి ఉంటుంది.

అలవెన్సు పోయినందుకు చెల్లెలికి నా మీద కోపం. పక్కనుండి కూడా అన్నయ్య వాడి నోరు మూయించలేకపోయాడని నలుగురిలో అంది. మూయించబోయానని నేను చెప్పలేదు. క్యారేజీ ఆగింది. మాడిన కూర నాకు అలవాటైంది.

వేబ్రిడ్జి వైపు వెళ్ళినప్పుడు పాత ఫోర్క్‌లిఫ్టు వాడు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. నిన్ను దింపినట్టు నా బామ్మర్దినీ దింపారు చూశావా అన్నాను. వాడు ఇటూ అటూ చూసి నవ్వాడు. తనను ఎవరూ దింపలేదట. నడుము నొప్పి, కూర్చునే పని ఇప్పించండని తానే వెళ్ళి అడిగాడట.

"మరి ఆ రోజు నిట్టూర్చావెందుకురా?"

"మీరంతా టీలు ఇప్పిస్తుంటే నవ్వమంటారా?"

వచ్చేశాను. వాడి నిట్టూర్పు మీద నేను ఎంత లెక్క కట్టుకున్నానో వాడికేం తెలుసు.

అయినా నాకు మేడం మీద నమ్మకం కుదరలేదు. ఒక మనిషిని ఒకసారి కాపాడటం వేరు. రెండోవాడికీ, మూడోవాడికీ అదే ఓపిక ఉంటుందా? ఈమె వెళ్ళిపోయి మళ్ళీ ఉరుము లాంటివాడు వస్తే, చెప్పిన నోళ్ళన్నీ వాడికి గుర్తులవుతాయి. నేను తెలిసి దాచానన్న సంగతి ఆమె ఇప్పటికీ అడగలేదు. రోజూ ఎదురుపడుతుంది, గేజీలు అడుగుతుంది, అది అడగదు. మంచితనమో, అప్పు పెట్టి ఉంచడమో నాకు తెలియదు.

నిన్న షిఫ్టు దిగి క్యాంటీను పంపు దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే ఎలక్ట్రీషియన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. నాతో ఎప్పుడూ మాట్లాడని మనిషి. చేతులు శుభ్రంగానే ఉన్నాయి, అయినా కడుగుతున్నాడు. మూడో గది లోపల గంట మోగించే బొత్తాం ఒకటుంటుంది. ఆ చలిలో ఎవరైనా తలుపు మూసుకుపోయి చిక్కుకుపోతే నొక్కడానికి. అది ఊరికే మోగుతోందని ఉరుము అరిస్తే దాని వైరు కూడా తానే తీసేశాడట. మళ్ళీ కలపలేదట. ఇప్పుడు కలుపుదామంటే లోపల తీగంతా పాడైంది, ఆమెకు చెప్పకుండా కుదరదట. ఇన్నాళ్ళూ అది చచ్చి ఉందని చెప్పడమెలా అన్నాడు.

ఆ గదిలోకి రోజూ మనుషులు వెళ్తారు. నేనూ వెళ్తాను.

"నువ్వు ఎవరినీ తేలిగ్గా నమ్మవని నిన్నే అడుగుతున్నానన్నా. చెప్తే నన్నేం చేస్తుంది?"

చెప్పు, ఏం కాదు అని నేననలేదు. నేను ఎవరి తరఫునా పూచీ పడను. చెప్పకు అని కూడా అనలేదు.

"నాకేం తెలుసు" అన్నాను. "నా బామ్మర్ది పంపుల దగ్గరున్నాడు. వెళ్ళి వాణ్ణే అడుగు."

అతను పంపు కట్టేసి, చేతులు చొక్కాకు తుడుచుకుంటూ కూలింగ్ టవరు వైపు నడిచాడు. నేను మూడో గది దగ్గరికి వెళ్ళి, ఆ తలుపు మూసుకుపోకుండా ఒక ఖాళీ పెట్టె అడ్డం పెట్టి అక్కడే నిలబడ్డాను.